అరకు కనుమలో అంబాసిడరు

విశాఖపట్టణమునుండి అరకులోయకు బోవు రహదారి సుమారు 115 కిలోమీటర్లు. ఇందు మొదటి సగము మైదానమే. పెందుర్తి, కొత్తవలస దాటి శృంగవరపుకోట చేరువరకు ఇరువైపుల వరిమళ్లును, కొబ్బరిచెట్లును, మామిడితోటలును, అక్కడక్కడ జీడిమామిడితోపులును గానవచ్చును. కోట దాటి బొడ్డవర సమీపింపగనే తూర్పుకనుమలు గోడవలె నెదుట నిలుచును. అచ్చటినుండి త్రోవ మెలికలు దిరుగుచు, టైడా మీదుగా అనంతగిరికిని, పిదప గాలికొండకును ఎగబ్రాకి, సుంకరమెట్ట మీదుగా అరకులోయలోనికి దిగును. లోయ సముద్రమట్టమునకు 900 మీటర్ల యెత్తున నున్నది. గాలికొండయొద్ద త్రోవ యింకను ఎత్తుగా బోవును. రైలుమార్గమును గలదు. 1960 దశకమున కొత్తవలసనుండి కిరండూలునకు వేసిన యా మార్గము సొరంగములలో దూరుచు, వంతెనలపై నడచుచు, బొఱ్ఱాగుహల ప్రక్కగా అరకు చేరును. దాని సొగసును వర్ణించినవారు చాలమంది గలరు. ముసలిబండిలో కనుమ నెక్కుటను గూర్చి వ్రాసినవారు తక్కువ. కావున సోదరీమణులకు మేమా సంగతిని చెప్పదలచితిమి.

బండి మా మామగారు 1978లో కొన్న అంబాసిడరు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును నమూనాగా గైకొని హిందుస్థాన్ మోటార్సువారు కలకత్తా దాపున ఉత్తరపారాలో చేసిన యీ బండ్లు 1950 దశకపు చివరనుండి 2014 వరకును వెలువడెను. మా బండిది నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను; 1489 ఘనసెంటీమీటర్లది. నేటి కార్లలోవలె దీనియందు కంప్యూటరు లేదు. తప్పు కలిగినపుడు దీపము వెలిగించి చెప్పునదియు లేదు. నలత గలిగిన పసిబిడ్డవలె ఇది యేడ్చును గాని, నొప్పి యెక్కడనో చెప్పలేదు. చూచువారే కనిపెట్టవలెను.

క్రిందటి వానకాలమునుండి ఈ బండికి లాగు తగ్గెను. సమతలమున ముప్పది నలుబది కిలోమీటర్ల వేగమున బోవునపుడు లోపమేమియు దెలియదు. కైలాసగిరి యెక్కవలసివచ్చినపుడు మాత్రము ఆక్సిలరేటరును నేలకు నొక్కినను ముందుకు సాగక ఆయాసపడెడిది. మా బావగారు దీని నొక షెడ్డునకు గొనిపోయిరి. అచ్చటి మేస్త్రి ఇంజను మ్రోతను అరనిమిషము విని, "ఇంజనైపోనాదండి. రింగులరిగిపోనాయి, బోరు సేయించాల" అని తేల్చివేసెను. అందులకు డెబ్బదివేల రూపాయలగునట. బండి నమ్మినను అంత సొమ్ము రాదు. కావున పాతయినుము కొనువా డొకడు సోమవారమునాడు వచ్చి దానిని దీసికొనిపోవునట్లు మాట యయ్యెను. బావగారును, మావారును దీని కంగీకరించిరి. ఇంటిలో నంగీకరింపనివారు ఇద్దరు: ఒకరు మా అత్తగారు, మఱియొకరు మా వదినెగారు, అనగా మావారి యప్పగారు.

అత్తగారికి డెబ్బదియేడేండ్లు. పెండ్లికి ముందు వారు రెండేండ్లపాటు అనంతగిరిలో పిల్లలకు చదువు చెప్పిరి. ఆ యూరు మరల నొక్కసారి చూడవలెనని చాలకాలముగా వారి కోరిక. రైలు అనంతగిరి యూరిలోనికి బోదు. బస్సు మెట్లెక్కుటకు వారి మోకాళ్లు సహకరింపవు. అంబాసిడరు వెనుకసీటు మాత్రము మంచమువలె నుండును. అందులో గాలు చాపుకొని యెంతదూరమైనను పోగలరు. "బండి నమ్ముకొనుడు. ముందు నన్నా కొండపైకి దీసికొనిపోయి యమ్ముకొనుడు" అని వారనిరి.

వదినెగారి యసమ్మతికి కారణము వేఱు. వారు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవారు. ముప్పదియేండ్లుగా తమ బండి తామే నడపుకొనువారు. "లాగు తగ్గినదనుట రోగము పేరు కాదు, లక్షణము మాత్రమే. జ్వరమని చెప్పినంతనే కడుపు కోయుదురా?" అని వారి ప్రశ్న. ఇంజను సంగతి మాకు తెలియుటకై వారు చెప్పిన పోలికను ఇచట వ్రాయుచున్నాము.

పొయ్యి మండవలెనన్న కట్టె కావలెను, గాలి కావలెను, నిప్పు కావలెను. ఇంజనునకును అంతియే: పెట్రోలు, గాలి, ప్లగ్గునందలి నిప్పురవ్వ. దీనికి నాలుగవది యొకటి యధికము, అది బిగువు. సిలిండరులో పిస్టను పైకి వచ్చి గాలిని పెట్రోలును కలిపి నొక్కునపుడు ఆ మిశ్రమ మెటును కారిపోరాదు. కుక్కరు రబ్బరు చెడినచో ఆవిరి బయటికి బోయి పప్పు ఉడుకనట్లు, రింగులో వాల్వులో అరిగినచో ఒత్తిడి జారిపోయి బలము తగ్గును. మేస్త్రి పేర్కొన్నది ఈ నాలుగవదానిని. నాలుగింటిలో వైద్యమున కెక్కువ వ్యయమగునదియు నదియే. తక్కిన మూడును చూడకయే దానిని చెప్పుట యెట్లు? రింగులరిగిన ఇంజను నూనెను త్రాగును. పొగగొట్టమున నీలిపొగ వచ్చును. మా బండికి నాలుగునెలలలో పోసిన నూనె అరలీటరునకు మించలేదు. నీలిపొగ మేమెన్నడును చూడలేదు. నల్లపొగ వచ్చినచో పెట్రోలు ఎక్కువై సగము కాలకయే పోవుచున్నదని గ్రహింపవలెను. ఇంజను బాగుగ వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ దట్టముగా వచ్చుచుండినచో లోపలికి నీరు చేరుచున్నదేమో యని శంకింపవలెను. మా బండికి ఏ పొగయు లేదు.

అయినను అనుమానము మిగులరాదని వదినెగారు కంప్రెషను గేజి నొకదానిని ఎరువు తెచ్చిరి. రక్తపుపోటు చూచు గడియారమువంటిదే యిది. ఇంజనును వేడిచేసి ఆపి, నిప్పురవ్వ పుట్టకుండ కాయిలు తీగను తొలగించి, నాలుగు ప్లగ్గులను విప్పి, ఒక్కొక్క రంధ్రమున గేజిని బిగించి, ఆక్సిలరేటరును పూర్తిగా నొక్కియుంచి, స్టార్టరుతో ఇంజనును కొన్నిమారులు త్రిప్పవలెను. ముల్లు ఎంతవరకు బోవునో చూడవలెను. ఆక్సిలరేటరు నొక్కుట మా మేనకోడలి పని. అంకెలను పాలపద్దు పుస్తకము వెనుకపుటలో వ్రాయుట మా పని. చదరపు అంగుళమునకు 122, 120, 124, 118 పౌనులు వచ్చినవి. ఇంత పాతయింజనునకు ఇవి మంచి యంకెలే. అంకె యెంత యనుటకంటె నాలుగును ఒకదానికొకటి దగ్గరగా నుండుట ముఖ్యమట. ఒకటి మిక్కిలి తక్కువైనచో ఆ సిలిండరులో చెంచాడు ఇంజనునూనె పోసి మరల చూడవలెను. అంకె పెరిగినచో లోపము రింగులది, ఏలయన నూనె ఆ సందును కొంతసేపు పూడ్చును. పెరుగకున్నచో వాల్వులను శంకింపవలెను. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లును కలసి తగ్గినచో వాని నడుమ హెడ్డు గాస్కెట్టు చెడి యుండవచ్చును. మాకా చెంచాతో బనియే పడలేదు.

విప్పిన ప్లగ్గులను వంటింటి పళ్లెములో వరుసగా బెట్టి చూచితిమి. మొన చక్కగా గాలిన బిస్కట్టు రంగున నున్నచో ఆరోగ్యము. మసిపట్టి నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువ. నూనెతో జిడ్డుగా నున్నచో రింగుల సంగతి. మా ప్లగ్గులు నాలుగును తెల్లబారి యుండెను. గాలికి దగినంత పెట్రోలు అందుట లేదనుట కిది గుర్తు. వదినెగారు దీనిని గూర్చి యేమియు ననలేదు గాని, మరల బిగించునపుడు ఒక ప్లగ్గును కిటికీయొద్దకు దీసికొనిపోయి చాలసేపు చూచిరి.

ఇక జబ్బును అది కనబడుచోటనే చూడవలెను. సమతలమున దాగి యెత్తున బయటపడు జబ్బును షెడ్డులో నిలబెట్టి కనుగొనుట కష్టము. అత్తగారి కోరికయు వదినెగారి పరీక్షయు నిట్లొక్క త్రోవకు వచ్చెను. అమ్మకమునకు మూడుదినములే గడువు. పెద్దవారిని దీసికొని కనుమ కెక్కుట సామాన్యము గాదు గనుక ముందుదినము బ్రేకులను, టైర్లలో గాలిని, రేడియేటరు నీటిని సరిచూచితిమి. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల సందును 0.4 మిల్లీమీటరునకు సరిజేసితిమి. ఎక్కలేకపోయినచో బలవంతము చేయక వెనుకకు దిరుగవలెనని నిశ్చయించుకొని, శుక్రవారము తెల్లవారకమునుపే నలుగురము బయలుదేరితిమి.

అది మార్గశిరమాసము. కొత్తవలస దాటువరకు మంచు తెరలుతెరలుగా త్రోవ కడ్డు వచ్చుచుండెను. కోటలో ఇడ్డెనలు దిని, కాఫీ త్రాగి, బొడ్డవర చేరునప్పటికి ఎండ వచ్చెను. అంతవరకు బండి యేమాత్రమును పేచీపెట్టలేదు. కనుమ మొదలైన పిమ్మటను మొదటి కొన్ని మలుపులు మూడవగేరులోనే యెక్కెను. "దీనికేమి, బాగుగనే యున్నదే!" అని అత్తగారు అనునంతలో మ్రోత మారెను. రెండవగేరు వేసినను కొంతసేపే. మెట్లెక్కలేని ముసలివారు ఒక్కొక్క మెట్టునను నిలిచినట్లు, బండి వేగము క్రమముగా జచ్చి నడకతో సమమయ్యెను. వదినెగారు త్రోవ వెడల్పుగా నున్నచోట దానిని ప్రక్కకు దీసి నిలిపిరి.

కొండత్రోవలో బండి నిలిచినపుడు బానెట్టు నెత్తుట తరువాతిపని. మొదట చక్రముల వెనుక పెద్దరాళ్లు పెట్టవలెను. వెనుకవచ్చు బండ్లకు దెలియునట్లు ఎఱ్ఱత్రికోణమును కొంతదూరమున నిలుపవలెను. అవి చేసి, అత్తగారిని దింపి చెట్టునీడను కూర్చుండబెట్టితిమి. అప్పుడు మొదలయ్యెను వదినెగారి విచారణ.

ఇంజనుకు బలము లేదా, లేక దాని బలము దారిలో నెక్కడనైన వ్యర్థమగుచున్నదా యనునది మొదటి ప్రశ్న. బ్రేకులు పూర్తిగ విడువక చక్రములను పట్టియుంచినచో ఇంజను ఎంత లాగినను బండి కదలదు. అట్టి చక్రపు డ్రమ్ము కాలిపోవుచుండును. తాకక, చేయి దగ్గరగ బెట్టి చూచిన తెలియును. నాలుగును ఒక్కతీరుగ గోరువెచ్చగా నుండెను. క్లచ్చి జారుచున్నచో, మిల్లులో పట్టీ జారినపుడువలె ఇంజను రొద హెచ్చునుగాని వేగము హెచ్చదు. కాలిన వాసనయు వచ్చును. మాకు రొదయే తగ్గెను. కావున క్లచ్చియు దోషి గాదు.

రెండవది, బండి తడబడుచున్నదా, నీరసించుచున్నదా యనునది. ఇది వినుటకు చిన్నమాటగాని, మాకన్నిటికంటె నుపయోగించినది యిదియే. నిప్పురవ్వ తప్పిపోయినచో బండి కుదుపులు కుదుపులుగా బోవును, దగ్గును, ఒక్కొక్కసారి వెనుకగొట్టమున టపాకాయవలె ప్రేలును. మాది కుదుపు లేక మెల్లగ నీరసించెను. నిప్పురవ్వ వేళతప్పి ఆలస్యముగ పుట్టినను ఇట్లే మెత్తగ నీరసించునట. గాలివడపోత మూసికొనినను అంతే. సైలెన్సరులోపలి రేకు విరిగి అడ్డుపడి పొగ బయటికి బోకున్నను అంతే. అయితే యివి యన్నియు ఎల్లప్పుడు నుండు జబ్బులు. మా బండి ఐదు నిమిషములు విశ్రమించిన తరువాత మరల ఇంజను వేసి చూడగా ఆరోగ్యవంతునివలె నాలుగు మలుపు లెక్కి, మరల మునుపటివలెనే నీరసించెను. అరిగిన రింగు ఐదు నిమిషములు కూర్చున్నంతమాత్రమున మొలకెత్తదు గదా! షెడ్డుమేస్త్రి తీర్పు అక్కడనే కొట్టుపడెను. వచ్చిపోవు నీరసమునకు కారణము వచ్చిపోవునదిగనే యుండవలెను. అట్టివి రెండు: ఒకటి వేడిచే చెడి చల్లారిన బాగగు విద్యుత్తు సామాను, రెండవది కొంచెము కొంచెముగ మాత్రమే అందు పెట్రోలు. కుదుపు లేదు గనుక మొదటిదానిని ప్రక్కకు బెట్టితిమి. తెల్లబారిన ప్లగ్గులును రెండవదానివైపే సాక్ష్యము చెప్పుచుండెను.

పెట్రోలు వెనుక ట్యాంకులో నుండును. అచ్చటినుండి నేలప్రక్కగా నొక ఇనుపగొట్టములో ముందునకు వచ్చి, చిన్న రబ్బరుగొట్టము ద్వారా పంపులో ప్రవేశించును. పంపు దానిని పీల్చి, వడపోత మీదుగా కార్బురేటరులోనికి నెట్టును. సమతలమున ఇంజనుకు పెట్రోలు కొంచెమే చాలును. ఎత్తున ఎక్కువ కావలెను. దారిలో నెచ్చటనైన ఇరుకున్నచో, ఇరుగుపొరుగున పెండ్లి లేనన్నాళ్లు చిన్నబావి సరిపోయినట్లు, కొంతవరకు సరిపోవును; తరువాత అడుగంటును. ఊరినిండ తిరుగు బండి కనుమలో నిలుచుటకు కారణ మిదియే.

ముందు ట్యాంకు మూతను జూచితిమి. పెట్రోలు తగ్గినకొలది గాలి లోనికి బోవుటకు మూతలో సన్ననిరంధ్ర ముండును. అది పూడినచో లోపల శూన్య మేర్పడి పెట్రోలు రాదు. మూత విప్పినపుడు బుస్సుమని గాలిని పీల్చును. మా మూత చప్పుడు చేయలేదు. పెట్రోలు వేడికి గొట్టములోనే ఆవిరియై అడ్డుపడుటయు గలదు. అది మండువేసవి జబ్బు. ఆ చలిలో దాని కవకాశము తక్కువ. అయినను తడిగుడ్డను పంపుపై వేసి చూచితిమి, మార్పు లేదు.

మూడవసారి నీరసించినప్పుడు వదినెగారు క్షణము ఆలస్యము చేయక ఇంజను నాపి, "వెంటనే తెఱువుము" అనిరి. మా మేనకోడలు దుమికి బానెట్టు నెత్తెను. కార్బురేటరు ముందున్న గాజువంటి వడపోతలో పెట్రోలు అడుగున తడిగ మాత్రమే యుండెను. కావున లోపము దానికి వెనుకనే. అనగా పంపులోనో, గొట్టములోనో, ట్యాంకులోనో. వదినెగారు పంపునుండి వెనుకకు చూపు జరుపుచు ఒక్కచోట ఆగిరి. పంపునకును ఇనుపగొట్టమునకును నడుమనున్న జానెడు రబ్బరుగొట్టము గుండ్రముగ లేదు. ఎండిన చిక్కుడుకాయవలె చప్పిడిగ నొక్కుకొనిపోయి యుండెను. మేము ముగ్గురమును చూచుచుండగనే అది మెల్లమెల్లగ నుబ్బి యథాప్రకారము గుండ్రనయ్యెను. ఒకటి రెండు నిమిషముల తరువాత వచ్చినవారికి ఆ గొట్టమునం దేలోపమును గానరాదు. షెడ్డులో కానరాకపోవుట కిదియే కారణము.

పీల్చుకొలది గొట్టము మూసికొనుట, మూసికొనుకొలది ఇంజను నీరసించుట, ఆగినంతనే గొట్టము తెరచికొనుట: ఇంతే రోగము. సోడాలో మెత్తని కాగితపుగొట్టము నానిన తరువాత పిల్లలు గట్టిగ పీల్చినపుడు దాని రెండు గోడలు నంటుకొనుట మీరు చూచియేయుందురు.

రబ్బరు అంత మెత్తబడుటకు కారణమును వదినెగారు చెప్పిరి. చెరకునుండియు, నూకలనుండియు, మొక్కజొన్ననుండియు తీయు ఇథనాలు అను సారమును పెట్రోలులో గలుపుట మన దేశమున క్రమముగ హెచ్చెను. నూటికి ఇరువదిపాళ్లు గలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో అమ్మనారంభించిరి. 2025 నాటికి అది దేశమంతట వ్యాపించెను. కొత్తకార్ల రబ్బరు దీనికి తట్టుకొనునట్లు చేయబడినది. 1978 నాటి బండికి ఆ యేర్పాటు లేదు. పాతరబ్బరు దానిలో నాని యుబ్బును, మెత్తబడును, లోపలిపొర యూడును. పాతట్యాంకులో నేండ్లతరబడి పేరుకొన్న తుప్పును మడ్డిని ఇథనాలు కడిగి వడపోతకు జేర్చును. గాలిలోని తేమను పీల్చును గనుక నెలలకొలది కదలని బండిలో నీరు అడుగున జేరవచ్చును. లీటరు ఇథనాలులో లీటరు పెట్రోలునందుండు శక్తిలో మూడింట రెండుపాళ్లే యుండును; పాత కార్బురేటరు తనంతట తాను ఈ లోటును సర్దుకొనలేదు. ఇంటిలో పాతబండి గలవారు ఇంజనును శంకించుటకు ముందు రబ్బరుగొట్టముల నన్నిటిని మార్పించుట మేలు. ఇది లాగుకొరకు మాత్రమే కాదు. నానిన గొట్టము పగిలి వేడియింజనుపై పెట్రోలు కారినచో ఏమగునో వ్రాయనక్కరలేదు.

గొట్టము దొరకునది కోటలోనే. దిగునప్పుడు పెట్రోలు అంతగా నక్కరలేదు గనుక బండిని త్రిప్పి, గేరులోనే మెల్లగ దిగి, కోటలో మోటారుసామాను దుకాణము ముందు నిలిపితిమి. వదినెగారు చీరకొంగు బిగించి, ఇథనాలునకు తట్టుకొను గొట్టమే కావలెననియు, లోపలి వ్యాస మింత యనియు చెప్పుచుండగా దుకాణదారుడు బండిలోనికి తొంగిచూచి, "మగోళ్లెవరూ రానేదా అమ్మా?" అని యడిగెను. అత్తగారు వెనుకసీటునుండియే, "మేము వచ్చినది గొట్టమునకు, నాయనా. దానికి మగవారెందుకు?" అనిరి. అతడు నవ్వి, కుఱ్ఱవానిని లోనికి బంపి మంచిసరుకే తెప్పించెను. మీటరు గొట్టము, రెండు క్లిప్పులు కలసి 260 రూపాయలయ్యెను. ఇంజను చల్లారువరకు అరగంట వేచి, బ్యాటరీతీగను విప్పి, అగ్గిపుల్ల గీయువారెవరును దాపున లేకుండ జూచి, వదినెగారే దానిని మార్చిరి. పాతముక్కను బ్లేడుతో నిలువుగ కోసి చూపిరి. లోపలిపొర ఉల్లిపొరవలె లేచి త్రోవ కడ్డముగ వ్రేలాడుచుండెను.

రెండవమారు కనుమ నెక్కుట తీరే వేఱు. మూడుసారులు నిలిచిన చోటులన్నిటిని నిలువక దాటితిమి. టైడా వెనుకబడెను. వెదురుపొదలు, వాని నడుమ సన్ననివాగులు, మలుపు మలుపునకు కుడియెడమలు మారు లోయ. ఇంతకుముందు ఇంజను మ్రోతకే చెవి యొగ్గియుండుటచే మేము వీనిని చూడనేలేదు. అనంతగిరి సమీపించుకొలది సిల్వరుఓకు చెట్ల క్రింద కాఫీతోటలు మొదలయ్యెను. ఆ చెట్లబోదెల నల్లుకొని మిరియపుతీగెలు, క్రింద కాఫీకొమ్మలకు ఎఱ్ఱనిపండ్లు. స్త్రీలు గంపలు నడుమునకు గట్టుకొని పండ్లు గోయుచుండిరి.

అనంతగిరిలో అత్తగారు తాము పాఠము చెప్పిన చోటును పోల్చుకొనుటకు కొంతసేపు పట్టెను. పెంకులయిల్లు పోయి స్లాబుగది వచ్చెను. వాకిటి పనసచెట్టు మాత్రము అట్లే యుండెను. దాని మ్రాను చుట్టును ఒకసారి నడచి, చేతితో తట్టి, "దీనిక్రిందనే ఎక్కములు చెప్పెడిదానను. పదునాలుగవ యెక్కము ఎవరికిని వచ్చెడిదిగాదు" అనిరి. అంతకుమించి యేమియు ననలేదు. మేమును అడుగలేదు. వారు బడిపిల్లలకని తెచ్చిన పలకబలపముల కట్టను అక్కడి పంతులమ్మ చేతికిచ్చిరి. ఆమె వారికి పాదాభివందనము చేసి కాఫీ యిచ్చెను. ఆ తోటలలోని కాఫీయేనట. చిక్కగా, కొంచెము పొగవాసనతో బాగుగ నుండెను.

గాలికొండ యెక్కునపుడు బండి మరల కొంచెము మందగించెను. మా మేనకోడలు కంగారుపడెను. వదినెగారు నవ్వి, అది రోగము గాదనిరి. ఎత్తునకు బోయినకొలది గాలి పలుచనగును. వేయిమీటర్ల యెత్తున కార్బురేటరు ఇంజను బలములో సుమారు పదవవంతు తగ్గుట సహజము. ముసలిదైనను, క్రొత్తదైనను, అందరికిని ఒకే పన్ను. గేరు తగ్గించి, తొందరపెట్టక పోనిచ్చిన చాలును. పోనిచ్చితిమి. పైని చలిగాలిలో నిలిచి చూడగా క్రిందిలోయ పొగమంచులో సగము మునిగియుండెను. అరకులోయలో వలిసెపూలు విరబూసి పసుపు ఆరబోసినట్లుండెను. అత్తగారు బండిలోనుండియే చూచి తృప్తిపడిరి. సంత, గిరిజనుల వస్తుప్రదర్శనశాల, బొంగులో గాల్చిన కోడికూర వాసన, వీనిని గూర్చి యందరును వ్రాసియున్నారు, మేము వ్రాయము.

దిగుటను గూర్చి మాత్రము ఒకమాట. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును ఇంచుమించు ఆ గేరే కావలెను. పెట్రోలు మిగులునని గేరు తీసివేసి దిగువారు గలరు. అట్లుచేసిన భారమంతయు బ్రేకులపై బడును. పాత అంబాసిడరునకు నాలుగు చక్రములకును డ్రమ్ముబ్రేకులే; కాలినకొలది వాని పట్టు సడలును. రెండవగేరులో ఇంజనే బండిని వెనుకకు పట్టియుంచును; బ్రేకు మలుపులయొద్ద మాత్రము తాకిన చాలును. మేమట్లే దిగి, దీపాలవేళకు విశాఖ చేరితిమి.

శనివారమునాడు ట్యాంకును దింపించి కడిగింపగా గుప్పెడు ఎఱ్ఱమడ్డి వచ్చెను. తక్కిన రబ్బరుగొట్టములను, పంపులోని పొరను గూడ మార్పించితిమి. అన్నియు గలసి మూడువేల రూపాయలకు లోపలనే. షెడ్డుమేస్త్రి మోసగాడని మేమనము. రోజునకు పదిబండ్లు చూచువాడు చెవికి దోచినది చెప్పెను. మావా రతనికి కోసిన గొట్టపుముక్కను జూపగా అతడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, తన బల్లసొరుగులో బెట్టుకొనెనట.

సోమవారమునాడు పాతయినుము కొనువాడు తాడును, మనుష్యులను దీసికొని వచ్చెను. బావగారు వీథిలోనికి బోయి వానితో కొంతసేపు మాటాడి, దారిఖర్చు లిచ్చి పంపివేసిరి.